పిన్ని తెచ్చుకున్న తెలుగు

ఈ వేసవి మొదట్లో ఒక పిల్ల నాకు ఫోన్ చేసి, "మీ పిన్నిగారు ఇంకా మాట్లాడగలుగుతున్నారా అండీ?" అని అడిగింది. పెద్దవాళ్ళ గురించి ఎవరైనా అడిగితే బాగున్నారా అంటారు, నాలుగడుగులు నడుస్తున్నారా అంటారు, ఇంత తింటున్నారా అంటారు. మాట్లాడగలుగుతున్నారా అని అడగడం నేనెన్నడూ వినలేదు. మాట్లాడకేం, పక్కింటివాళ్ళ పంచాయితీలు కూడా తనే తీరుస్తుంది అన్నాను. అవతల ఆ పిల్ల హమ్మయ్య అనుకోవడం నాకు వినిపించింది.

మర్నాడే చీరాలలో మా ఇంటికి వచ్చింది. యూనివర్సిటీలో భాష మీద పరిశోధన చేస్తోందట. వేటపాలెం జీడిపప్పు వేయించి ముందు పెడితే ఒక్క పలుకు చేత్తో పట్టుకుని, అది నోట్లో వేసుకోకుండానే గంటసేపు మాట్లాడింది. తెలుగు ఎప్పుడూ ఇప్పటిలా లేదట. మనం వచ్చాడు అనేది ఒకప్పుడు వచ్చినాడట. కళ్ళు కండ్లట, వాళ్ళు వాండ్లట. మాట అరిగి అరిగి మన దగ్గర ఇట్లా మిగిలిందట.

అప్పుడెవరూ టేపు పెట్టి పట్టలేదు కదా, నీకెట్లా తెలుసు అని అడిగాను. రాళ్ళ మీద చెక్కిన శాసనాలు కొంత చెబుతాయంది. అయితే వాటిలో మాట్లాడేది భూములు దానం చేసినవాళ్ళు. పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ళు ఎట్లా మాట్లాడారో వాటిలో ఉండదు. అందుకని ఎప్పుడో విడిపోయి దూరం వెళ్ళిన జనాల మాటల్ని తెచ్చి పక్కపక్కన పెట్టి చూస్తారట. నలుగురు మనవరాళ్ళ ముఖాలు చూసి, ఎన్నడూ చూడని అవ్వ ముక్కు ఎట్లా ఉండేదో పోల్చుకున్నట్టు అంది. అట్లా పోల్చి కట్టిన మాట పక్కన చిన్న నక్షత్రం గుర్తు పెడతారట, ఇది ఎవరూ చెవులారా విన్నది కాదు అని ఒప్పుకోవడానికి.

ఇంత చెప్పి, అసలు సంగతికి వచ్చింది. అరవదేశం దక్షిణాన పత్తి పండే నల్లరేగడి ఊళ్ళలో, ఎన్నో తరాల కిందట మన వైపు నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళున్నారు. మా పిన్ని పుట్టిన ఊరు అందులో ఒకటి. ఈ పిల్ల ఆ ఊరు వెళ్ళింది. అక్కడ కుర్రవాళ్ళంతా అరవమే మాట్లాడుతున్నారు. ముసలివాళ్ళు పోయారు. "విడి మాటలు దొరికాయండీ. చీపురుని ఏమనేవాళ్ళో, రోకలిని ఏమనేవాళ్ళో అన్నీ చెప్పారు. వాటిని కలిపి మాట్లాడే మనిషే లేదు. మాటకి మాట ఎట్లా కూర్చేవాళ్ళో వినాలి నేను" అంది. ఆ ఊళ్ళో ఎవరో, మా ఇంటి పిల్లను ఒకదాన్ని గుంటూరు వైపు ఇచ్చాం అని చెబితే, ఆ ఆధారం పట్టుకుని ఇంత దూరం వచ్చింది.

ఆ పిల్ల వెతుకుతున్నది నేను విన్నాను. ఒక మిరపకాయల కాలమంతా విన్నాను.

మా ఊరు దర్శి వెళ్ళే దారిలో ఉంటుంది. పత్తి, మిరప తప్ప మూడో మాట ఉండేది కాదు మా ఇంట్లో. బాబాయి మిరపకాయల లారీ వెంట అరవదేశం వెళ్ళేవాడు. ఒకసారి లారీ చెడిపోతే ఒక పత్తిరైతు ఇంట్లో తలదాచుకున్నాడు. వాళ్ళూ తెలుగువాళ్ళే అని తెలిసింది. మాటల్లో ఎరిగిన ఇంటిపేర్లే వచ్చాయి, గోత్రాలు కలవలేదు, ఇంకేం, ఆ ఇంటి పిల్లతో పెళ్ళి కుదిరింది. మన రక్తమే మళ్ళీ మన ఇంటికి వస్తోందని నాయనమ్మ ఊరంతా చెప్పుకుంది.

మా వైపు కొత్త జంట ఇంట్లో అడుగు పెట్టేటప్పుడు ఆడపడుచులు గుమ్మానికి అడ్డం నిలబడతారు. పెళ్ళికూతురు మొగుడి పేరు నోరు విప్పి చెప్పి, ఫలానా ఆయనా నేనూ వచ్చాం అంటేనే దారి ఇస్తారు. ఆ తర్వాత జన్మలో ఆ పేరు పలకదు కాబట్టి ఆ ఒక్కసారి వినడానికి ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా అరుగు మీద చేరతారు. మా మేనత్తలిద్దరూ గడపకి చెరో పక్క చేతులు అడ్డం పెట్టి నిలబడ్డారు. పిన్ని తల వంచుకుని బాబాయి పేరు చెప్పి, "ఆయనా నేనూ వచ్చినాము, లోనికి రానియ్యండి" అంది.

అరుగు గొల్లుమంది. ఆ నవ్వులో చెడ్డ ఉద్దేశం లేదు, అది నేను ఇప్పటికీ ఒప్పుకుంటాను. వాళ్ళకి అది హరికథలోంచో నాటకంలోంచో ఊడిపడిన మాటలా వినిపించింది. పెద్ద మేనత్త, ఏమన్నావమ్మా, మళ్ళీ చెప్పు అంది. పిన్ని తన మాట సరిగా వినపడలేదనుకుని ఇంకాస్త గట్టిగా చెప్పింది. ఈసారి బాబాయి కూడా నవ్వాడు. అప్పుడు పిన్ని తలెత్తి అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసింది. ఆ చూపు నాకు బాగా గుర్తుంది. నేను గడప లోపల, బియ్యం చెంబు పడిపోకుండా పట్టుకుని ఉన్నాను.

పేరు చెప్పించడం గడప దగ్గర అయిపోవాలి. పిన్ని విషయంలో అది కాయల కాలమంతా సాగింది.

కోత మొదలైతే మా బతుకు కల్లంలోనే. ఎర్రగా పరిచిన కాయలు, ఎండకి అవి గలగలలాడే చప్పుడు, ముక్కులోంచి గొంతులోకి దిగే ఘాటు. ఊరికి కొత్తవాళ్ళు తుమ్మి తుమ్మి చస్తారు, మేము మాత్రం అందులోనే కూర్చుని అన్నం తినేవాళ్ళం. పండుమిరపకాయలు, చింతపండు కలిపి తొక్కిన కారం, జొన్నన్నం, పైన మజ్జిగ. ఆడవాళ్ళు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరేవారు. తాలు అంటే ఎండలో తెల్లబోయిన కాయ, అది ఎర్రటి కాయల్లో కలిస్తే బేరం పోతుంది. పిన్నినీ ఆ వరసలో కూర్చోబెట్టారు. పొద్దున్నే పని మొదలయ్యే ముందు ఎవరో ఒకరు ఆమెని ఏదో ఒకటి అడిగేవారు. మీ ఆయన ఏడమ్మా? "చేనికాడికి పోయినాడు." ఏం చేస్తున్నావు? "కాయలు ఏరతా ఉండాను." అంతే, వరస ఈ చివరి నుంచి ఆ చివరికి నవ్వు. తర్వాత ఆ మాటనే యాస పెట్టి ఒకరికొకరు అప్పజెప్పుకుంటూ మధ్యాహ్నం దాకా పని లాగించేవారు. కూలికి వచ్చినవాళ్ళు కూడా అనేవారు. ఇంటి కోడలిని అంత మాట అనే చనువు వాళ్ళకి ఇంకే విషయంలోనూ లేదు.

నాయనమ్మ మంచిదే. పిన్నిని పక్కకి పిలిచి, కొత్తొక వింత పాతొక రోత, నాలుగు రోజులు పోతే వాళ్ళే మానేస్తారులే అని ఓదార్చేది. ఆ వెంటనే, "మనింట్లో వచ్చినాడు అనరమ్మా. వచ్చాడు అనాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్ది" అనేది. మా ఊరి మాటే మంచి మాట అని ఆవిడకి ఎవరు చెప్పారో తెలియదు. ఎవరూ చెప్పనక్కర్లేదు కాబోలు.

నాకు మాత్రం పిన్ని మాటంటే ప్రాణం. ఎందుకో చెప్పలేను. ఆమె మాట్లాడితే ప్రతి మాటా కడిగి బోర్లించిన గిన్నెలా విడివిడిగా ఉండేది. సాయంత్రం అందరూ వెళ్ళాక కాయల మీద పట్టాలు కప్పడానికి మేమిద్దరం ఆగేవాళ్ళం. అప్పుడు ఆమె నోరు విప్పేది. వాళ్ళ ఊరి కథలు, వాళ్ళ అమ్మ తిట్లు, పత్తి తీసేటప్పుడు పాడుకునే పాటలు. నేను దొడ్డిగోడ ఎక్కి కోసుకొచ్చిన సీమచింతకాయలు ఇద్దరం పంచుకునేవాళ్ళం. అవి తింటే నాలిక వగరెక్కి మాట ముద్దగా వచ్చేది, దానికీ నవ్వుకునేవాళ్ళం. ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు మినప్పిండి, తాటిబెల్లం, చారెడు నువ్వుల నూనె వేసి సంకటి చేసిపెట్టింది. ఆడపిల్ల నడుముకి బలమట. నూనె చేతి మణికట్టు దాకా కారుతుంటే నాకుతూ తిన్నాను. గిన్నెలో నూనె తరిగిందేమని నాయనమ్మ అడిగితే పిల్లి మీద పెట్టాం. పిల్లి నువ్వుల నూనె తాగుతుందా అని ఆవిడ చాలా రోజులు ఆశ్చర్యపోయింది.

పిల్లలకి భాష జలుబులా అంటుకుంటుంది. నాకు తెలియకుండానే నా నోట్లోకి వచ్చినానులు, ఉండానులు వచ్చి చేరాయి. ఒకరోజు బళ్ళో హాజరు పిలిస్తే, వచ్చినానండీ అన్నాను. మాస్టారు బెత్తం చూపించి, ఎవరిని వెక్కిరిస్తున్నావు అన్నారు. ఎవరినీ వెక్కిరించలేదు అంటే నమ్మలేదు. ఆ కబురు మా అమ్మకి చేరింది. ఆమె నన్ను ఏమీ అనలేదు, పిన్నినీ ఏమీ అనలేదు. మర్నాటి నుంచి సాయంత్రం పట్టాలు కప్పడానికి వేరే మనిషిని పెట్టింది. నన్ను చదువుకోమని లోపల కూర్చోబెట్టింది. కిటికీలోంచి చూస్తే పిన్ని, ఆ పాలేరు చెరో చివర పట్టుకుని, ఒక్క మాట లేకుండా పట్టా లాగుతుండేవాళ్ళు. నేను ఏడిస్తే, ఎందుకేడుస్తున్నావే అని అమ్మ నిజంగానే అర్థంకాక అడిగింది.

పిన్ని మాట్లాడటం తగ్గించింది. అడిగితే ఊ, లేకపోతే సరే. కల్లంలో వాళ్ళు ఎంత కదిపినా తల ఎత్తేది కాదు. మూగదాన్ని తెచ్చుకున్నారేంది అని ఒకరిద్దరు అన్నారు కూడా. ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తుంది, ఆమె ఆ రోజుల్లో ఊరికే కూర్చోలేదు. వింటోంది. తాలుకాయ ఏరినట్టు తన మాటల్లోంచి ఒక్కొక్కటీ ఏరి అవతల పడేస్తోంది.

కాయలు బస్తాలకెక్కే సమయానికి వాళ్ళ అన్న వచ్చాడు, చెల్లెలిని పుట్టింటికి తీసుకెళ్ళి నాలుగు రోజులు ఉంచుకుంటానని. నల్లగా, పొడుగ్గా, భుజాన తువ్వాలుతో వాకిట్లో నిలబడ్డాడు. అందరం వరండాలో చేరాం. మేనత్తలు ముసిముసిగా నవ్వుకుంటున్నారు, ఇప్పుడు ఇద్దరూ కలిసి మాట్లాడుకుంటారు, విందాం అని. పిన్ని చెంబుతో నీళ్ళు తీసుకుని బయటికి వచ్చింది.

"ఏమ్మా, బాగుండావా? ఇట్ల చిక్కిపోయినావే" అన్నాడు అతను.

"బాగానే ఉన్నానన్నయ్యా. మీరెట్టా ఉన్నారు? అమ్మావాళ్ళు బాగున్నారా? ముందు కాళ్ళు కడుక్కోండి" అంది పిన్ని.

ఒక్క తప్పు లేదు. మా మేనత్త కూడా అంత చక్కగా అనలేదు. అతను చెంబు అందుకోబోయి ఆగాడు. మీరు అంటున్నది ఇంకెవరినో అనుకున్నాడేమో, వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. మళ్ళీ చెల్లెలి వైపు తిరిగి చెంబు తీసుకున్నాడు. ఆ తర్వాత ఉన్నంతసేపూ అతను కూడా పెద్దగా మాట్లాడలేదు. నాయనమ్మ మాత్రం మురిసిపోయింది. పిల్ల మన పిల్లయిపోయిందని ఆ పూట గారెలు వండించింది.

అన్నతో పంపిస్తామన్నారు గానీ, బస్తాల పని పూర్తి కాలేదని ఆపేశారు. అతను ఒంటరిగా బస్సెక్కాడు. పిన్ని కల్లంలోకి వచ్చి తన చోట కూర్చుని కాయలు ఏరుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మిరపకాయల దగ్గర ఎవరి కళ్ళు ఎందుకు ఎర్రబడ్డాయో అడగరు. నేను పక్కన చేరి, మీ అన్నతో కూడా మా లాగా ఎందుకు మాట్లాడావు పిన్నీ అని చెవిలో అడిగాను. "ఏమోనే, నోటికి అదే వచ్చింది" అంది. నాతో కూడా ఆమె మా ఊరి తెలుగే మాట్లాడింది. ఆ తర్వాత ఇంకెప్పుడూ వేరే తెలుగు నేను వినలేదు.

ఇదంతా చెబితే ఆ పరిశోధన పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మీ ఊరివాళ్ళు నవ్వింది వాళ్ళ ముత్తవ్వల మాటకే అండీ అంది. నాకు ఒళ్ళు మండింది. ఆ పిల్ల మీద కాదు. ఈ ముక్క అప్పుడు ఎవరైనా వచ్చి చెప్పి ఉంటే అనుకున్నాను. మళ్ళీ నాకే తెలుసు, చెప్పినా ఎవరూ వినేవారు కాదు. నవ్వినవాళ్ళలో ఇప్పుడు ఒక్కరూ లేరు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియని కోపం ఎంత నీరసంగా ఉంటుందో ఆ రోజు చూశాను.

పిన్ని ఇప్పుడు మార్టూరులో కొడుకు దగ్గర ఉంటోంది. కొడుకుది రాయి పాలిష్ పట్టే యూనిట్. ఇల్లు దాని వెనకే. మేమిద్దరం వెళ్ళేసరికి రాయి కోసే రంపాలు రొద పెడుతున్నాయి. గుమ్మం, కుర్చీ, తులసి మొక్క, అన్నిటి మీదా బూడిదరంగు దుమ్ము. భోజనాల వేళకి మిషన్లు ఆపేదాకా కూర్చున్నాం. అవి ఆగాక పిల్ల తన ఫోన్ పిన్ని మోకాలి పక్కన పెట్టి, అమ్మమ్మగారూ, మీ చిన్నప్పుడు మీ ఊళ్ళో ఎట్లా మాట్లాడేవాళ్ళో అట్లా మాతో మాట్లాడండి అంది.

పిన్నికి సంబరమయింది. ఊరి గురించి అడిగేవాళ్ళు ఎవరున్నారు కనక. వాళ్ళ పత్తిచేలు, గూడుబండి, ఏటి పక్కన తాటితోపు, అన్నీ చెప్పుకుంటూ పోయింది. అంతా శుభ్రమైన గుంటూరు తెలుగు. పిల్ల ఓపికగా, అది కాదండీ, మీ అమ్మగారు మిమ్మల్ని నిద్ర లేపేటప్పుడు ఏమనేవారు, అదే మాట చెప్పండి అని అడిగింది.

పిన్ని కళ్ళు మూసుకుంది. ముఖమంతా మెత్తబడింది. తల్లిని చూస్తోందని నాకు తెలిసింది.

"ఏందే, ఇంకా పడుకున్నావు? పొద్దెక్కింది. వాళ్ళందరూ చేలోకెళ్ళిపోయారు, లెగు లెగు అనేది" అంది పిన్ని, కళ్ళు మూసుకునే.

పిల్ల నా వైపు చూసింది. మీ అమ్మగారు అట్లాగే అనేవారా అండీ అని మెల్లిగా అడిగింది. "ఇంకెట్టా అంటదమ్మా? మేమూ తెలుగోళ్ళమేగా" అంది పిన్ని.

చచ్చిపోయిన తల్లి కూడా ఆమె తలలో మా ఊరి మాటే మాట్లాడుతోంది. ఆమె తన నోటి మాట ఒక్కటే మార్చుకుందనుకున్నాను ఇన్నాళ్ళూ. లోపల ఎక్కడో, ఒక మూల, అసలుది ఉండే ఉంటుందనుకున్నాను. లేదు. ఇంత దూరం వచ్చిన పిల్ల ఫోన్ వైపు చూస్తూ కూర్చుంది. నాకు ఏం చేయాలో తోచలేదు. తోచక, నాకు చేతనైనట్టుగా, పిన్ని చెయ్యి పట్టుకుని ఆ తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టాను. సాయంత్రాలు కల్లంలో ఆమె అన్న మాటలో, ఆమె లాగా నేనే అల్లుకున్న మాటలో, నాకే తెలియదు.

"పొద్దు పోయినాది పిన్నీ. వాండ్లందరూ ఇండ్లకి పోయినారు. మనము మాత్రము ఈడనే ఉండాము."

పిన్ని నా ముఖంలోకి చూసింది. నా చెయ్యి ఆమె చేతిలో ఉంది, ఆ పట్టు బిగుసుకుంటుందేమోనని చూశాను. ఆమె పెదవులు కదిలాయి. తర్వాత పక్కున నవ్వింది. పళ్ళు లేని నోరంతా తెరిచి, కొంగు అడ్డం పెట్టుకుని, దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"అదేం మాటే? ఏ ఊరోళ్ళే వాళ్ళు?" అంది.

నీ మాటే పిన్నీ, మీ ఊరివాళ్ళదే అన్నాను. పోవే, నన్ను ఆట పట్టించకు అని నా భుజం మీద తట్టింది. పిల్ల ఫోన్ ఆపబోయి మళ్ళీ ఊరుకుంది. వంటింట్లోంచి కోడలు కూడా ఏమిటా నవ్వు అని తొంగిచూసింది. పిన్ని కళ్ళు తుడుచుకుని, కోడలిని కూడా వచ్చి కూర్చోమని సైగ చేసి, నా వైపు తిరిగింది.

"ఏదీ, ఇంకోసారి అను. ఇదీ వింటది" అంది.

చాలా రోజుల తర్వాత ఆమె అంతగా నవ్వడం. నేను ఇంకోసారి అన్నాను.